అటెన్‌బరో అనే ఇంటిపేరు ఎక్కడిది? ఇప్పుడు ఎంతమందికి ఉంది?

వాణి_బీస్టన్

అందరికీ నమస్కారం. నేను ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ పక్కన బీస్టన్‌లో ఉంటున్నాను. మా పక్కింట్లో ఎనభై దాటిన పెద్దావిడ ఒక్కరే ఉంటారు. అప్పుడప్పుడు సాయంత్రం టీకి పిలుస్తారు. మొన్న మాటల్లో తన పుట్టింటి పేరు అటెన్‌బరో అని చెప్పారు. 'గాంధీ' సినిమా తీసిన రిచర్డ్ అటెన్‌బరో, జంతువుల గురించి డాక్యుమెంటరీలు చేసే డేవిడ్ అటెన్‌బరో మీకు బంధువులా అని ఆత్రంగా అడిగేశాను. "మాకు తెలిసినంతలో కాదమ్మా, వెనక్కి వెళ్తే ఎక్కడో కలుస్తామేమో" అన్నారు.

ఆవిడకు ఒక్కడే అన్న. ఆయనకు ఇద్దరూ ఆడపిల్లలే, పెళ్లిళ్లయి భర్తల ఇంటిపేర్లు పెట్టుకున్నారు. "మా శాఖలో ఈ పేరు మాతోనే ఆగిపోయింది. ఇంకా ఎంతమంది మిగిలారో ఎవరైనా లెక్కపెట్టారా?" అని అడిగారు. ఆ మాట రెండు రోజులుగా మనసులోనే ఉంది.

నెట్‌లో చూస్తే ఒక చోట ఇది ఊరి పేరు అని ఉంది, ఇంకో చోట "కోట దగ్గర ఉండేవాడు" అని అర్థం ఇచ్చారు. అటెన్‌బరో అనే ఊరు మాకు దగ్గరే. బీస్టన్‌లో డెర్బీ వైపు రైలెక్కితే తర్వాతి స్టేషన్ అదే. ఇక్కడ ఇంగ్లిష్ పాత భాష చదివినవాళ్లు, వంశవృక్షాలు తీసేవాళ్లు ఉన్నారని తెలుసు. కాస్త వివరంగా చెప్పండి, ఆవిడకు చెప్పాలి.

కొత్తపేట_కృష్ణ

వాణి గారూ, "కోట దగ్గర ఉండేవాడు" అన్నదే నాకు సబబుగా ఉంది. మధ్యయుగపు ఇంగ్లిష్‌లో 'అటెన్' అంటే 'ఫలానా దాని దగ్గర' అని. అలా పుట్టిన ఇంటిపేర్లు చాలా ఉన్నాయి. 'అటెన్ ఆష్', అంటే ఆష్ చెట్టు దగ్గర ఉండేవాడు. జనం నోట్లో చివరి 'న' తర్వాతి మాటకు అతుక్కుని 'నాష్' అయింది. 'అటెన్ ఓక్స్' కాస్తా 'నోక్స్' అయింది. 'బరో' అంటే కోట లేదా పట్టణం. రెండూ కలిపితే అటెన్‌బరో. అంతకంటే వెతకాల్సిన పని లేదనుకుంటాను.

మూర్తి_మాస్టారు

కృష్ణా, నాష్, నోక్స్ విషయంలో నువ్వు చెప్పింది నిజం. కానీ దీనికి అది కుదరదు.

పాత ఇంగ్లిష్‌లో నామవాచకాలకు లింగం ఉండేది. పుంలింగ, నపుంసక పదాల ముందు వచ్చే రూపం నుంచి 'అటెన్' పుట్టింది. స్త్రీలింగ పదాల ముందు వచ్చే రూపం నుంచి 'అటెర్' పుట్టింది. కోట అని అర్థం వచ్చే 'బుర్హ్' స్త్రీలింగం. కాబట్టి "కోట దగ్గర" అనాలంటే 'అటెర్' రావాలి. వచ్చింది కూడా. అలా ఏర్పడిన ఇంటిపేరు 'అటెర్‌బరీ', ఇప్పటికీ ఉంది. 'బరీ', 'బరో' రెండూ 'బుర్హ్' విభక్తి రూపాలే. కాంటర్‌బరీ, పీటర్‌బరో పేర్ల చివర ఉన్నవి అవే.

ఇక ఊరి సంగతి. పాత రాతల్లో ఈ ఊరి పేరులో 'ట' ఉన్న చోట 'డ' కనిపిస్తుంది. ఊళ్ల పేర్ల మీద పనిచేసిన పండితులు దాన్ని 'ఆడ్డా' లేదా దానికి దగ్గరి పేరున్న మనిషి కోటగా చదివారు. అంటే 'అటెన్' అనే మాట ఈ పేరులో మొదటి నుంచీ లేదు. మనిషి పేరు నలిగి నలిగి అలా తయారైంది.

కొత్తపేట_కృష్ణ

మాస్టారూ, ఒక సందేహం. మధ్యయుగానికి వచ్చేసరికి ఇంగ్లిష్‌లో లింగభేదం చెదిరిపోయింది కదా. ఓక్ చెట్టు కూడా పాత భాషలో స్త్రీలింగమే. అయినా 'నోక్' అనే ఏకవచన ఇంటిపేరు ఉంది. అంటే జనం 'అటెన్ ఓక్' అన్నారనేగా. అలాంటప్పుడు 'అటెన్ బరో' అని అనలేదని ఎలా చెప్పగలం?

మూర్తి_మాస్టారు

మంచి ప్రశ్న. ఒప్పుకుంటున్నాను, వ్యాకరణం ఒక్కదానితో తేలదు. ఊరి పేరు సంగతి పాత రూపాలతో తేలింది. ఇంటిపేరు ఆ ఊరి నుంచే వచ్చిందా అన్నది వేరే ప్రశ్న.

దానికి నాకు తెలిసిన దారి పటం చూడటం. 'కోట దగ్గర ఉండేవాడు' అన్నదే మూలమైతే కోటలున్న చోటల్లా ఈ పేరు విడివిడిగా పుట్టి ఉండాలి. కెంట్‌లో కొందరు, డెవన్‌లో కొందరు, యార్క్‌షైర్‌లో కొందరు ఉండాలి. 1881 జనాభా లెక్కలను పూర్తిగా కంప్యూటర్లోకి ఎక్కించారు కాబట్టి ఏ పేరు ఏ కౌంటీలో ఎంత ఉందో చూడొచ్చు. అటెన్‌బరోలు నాటింగ్‌హామ్‌షైర్‌లో, పక్కనే ఉన్న డెర్బీషైర్‌లో గుమిగూడి కనిపిస్తారు. ఆ గుంపు ఊరి చుట్టూనే ఉంది. ఇంటిపేర్లు స్థిరపడిన అయిదారు వందల ఏళ్ల తర్వాత కూడా చాలా కుటుంబాలు పుట్టిన చోటికి ఒక రోజు నడక దూరంలోనే ఉండిపోయాయన్నమాట.

ఒక మాట గుర్తుంచుకోవాలి. ఊరి పేరు ఇంటిపేరు కావాలంటే మనిషి సాధారణంగా ఆ ఊరు వదిలి రావాలి. ఊళ్లో అందరూ ఆ ఊరివాళ్లే అయినప్పుడు ఆ పేరుతో పిలిచి లాభం ఏముంది? పక్క ఊరికి వలస వచ్చినవాణ్ణే "అటెన్‌బరో వాడు" అంటారు. మన వేటూరి, తాడేపల్లి వంటి ఇంటిపేర్లు కూడా ఇలాగే ఊళ్ల నుంచి వచ్చినవే.

సుజాత_లెస్టర్

ఈ థ్రెడ్ ఇప్పుడే చూశాను. నేను లెస్టర్‌లో చదువుకున్నాను, ఈ పేరు మీద జరిగిన పరిశోధన నాకు చాలా ఇష్టమైన విషయం.

ఇంగ్లండ్‌లో ఇంటిపేరు తండ్రి నుంచి కొడుక్కి వెళ్తుంది. మగవాళ్లకు మాత్రమే ఉండే జన్యుభాగం వై క్రోమోజోమ్ కూడా అంతే, తండ్రి నుంచి కొడుక్కే. కాబట్టి ఒకే మూలపురుషుడి నుంచి వచ్చిన ఇంటిపేరైతే, ఆ పేరున్న మగవాళ్ల వై క్రోమోజోములు ఒకేలా ఉండాలి. లెస్టర్ విశ్వవిద్యాలయంలో టూరీ కింగ్, మార్క్ జోబ్లింగ్ ఇదే పరీక్షించారు. 2006లో ఒకే ఇంటిపేరున్న, ఒకరికొకరు తెలియని 150 జతల మగవాళ్లను తీసుకున్నారు. దాదాపు 24 శాతం జతల్లో ఇద్దరికీ ఉమ్మడి పూర్వీకుడు ఉన్నట్టు తేలింది. అరుదైన పేర్లను విడిగా చూస్తే అది సగం దాకా వెళ్లింది.

2009లో ఇంకా పెద్దగా చేశారు. 40 ఇంటిపేర్లు, 1,678 మంది మగవాళ్లు. స్మిత్‌లను చూస్తే, వీధిలో ఎదురైన ఏ ఇద్దరు మగవాళ్లను తీసుకున్నా ఎంత పోలిక ఉంటుందో వాళ్లలోనూ అంతే. అది సహజమే, స్మిత్ అంటే కమ్మరి, ప్రతి ఊళ్లోనూ కమ్మరి ఉండేవాడు. పేరు వందల చోట్ల విడివిడిగా పుట్టింది. అటెన్‌బరోల్లో మాత్రం 87 శాతం మంది ఒకే రకం వై క్రోమోజోమ్ గుంపులో పడ్డారు! మొదటిసారి ఆ అంకె చదివినప్పుడు కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఏడెనిమిది వందల ఏళ్ల కింద ఊరు వదిలి వచ్చిన ఒకే ఒక్క మనిషి వాళ్లందరిలో ఉన్నాడు.

వాణి గారూ, మీ పక్కింటి ఆవిడకు చెప్పండి. "ఎక్కడో కలుస్తామేమో" అన్న ఆవిడ మాట నిజమయ్యే అవకాశం చాలా ఎక్కువ.

వాణి_బీస్టన్

సుజాతా, చాలా థ్యాంక్స్ అమ్మా. చదువుతుంటే ఒళ్లు గగుర్పొడిచింది.

ఫణి_హైదరాబాద్

87 శాతం బాగానే ఉంది. మిగతా 13 శాతం మాటేంటి? వాళ్ల ముత్తవ్వల మీద అనుమానపడాలా?

రమాదేవి_ఏలూరు

ఫణీ, ఆ మాట నాకు నచ్చలేదు. ఎందుకో చెప్తాను.

మా తాతగారు దత్తు వచ్చారు. పుట్టిన ఇంటిపేరు వేరు, పెరిగిన ఇంటిపేరు వేరు. దత్తత రోజు నుంచి ఇంటిపేరు, గోత్రం రెండూ మారాయి. ఆ పేరుతోనే పొలం చేశారు, ఆ పేరుతోనే పెంచిన తల్లిదండ్రులకు తద్దినాలు పెట్టారు, ఆ పేరే మాకు ఇచ్చారు. రేపు మా అన్నయ్య వై క్రోమోజోమ్ పరీక్ష చేయించుకుంటే ఆ ఇంటిపేరున్న వేరే కుటుంబంతో కలవదు. అంతమాత్రాన మేం ఆ ఇంటివాళ్లం కాకుండా పోతామా? ఎవరి ముత్తవ్వ మీదైనా మాట అనేముందు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఫణి_హైదరాబాద్

రమాదేవి గారూ, క్షమించండి. ఆలోచించకుండా రాశాను. దత్తత సంగతి నాకు తట్టలేదు.

సుజాత_లెస్టర్

రమాదేవి గారు చెప్పింది పరిశోధకులూ ఒప్పుకునేదే. ఇంగ్లండ్‌లోనూ పేరు, రక్తం విడిపోయే దారులు చాలా ఉన్నాయి. దత్తత ఒకటి. పెళ్లి కాని తల్లి తన ఇంటిపేరే బిడ్డకు ఇవ్వడం ఒకటి. మారుతండ్రి పేరు పెట్టుకోవడం ఒకటి. ఆస్తి రావాలంటే భార్య వైపువాళ్ల పేరు పెట్టుకోవాలని వీలునామాల్లో షరతులు ఉండేవి, అది ఇంకొకటి.

వీటన్నిటినీ కలిపి తరానికి 1 నుంచి 4.5 శాతం దాకా ఉండొచ్చని వాళ్లు అంచనా వేశారు. నూటికి ఒక్కటే అనుకుని లెక్క వేయండి. ఇరవై తరాలు గడిచేసరికి మొదటి వై క్రోమోజోమ్ మిగిలేది దాదాపు 82 శాతం మందిలోనే. కాబట్టి అటెన్‌బరోల 87 శాతంలో వింత ఉంటే, అది అంత ఎక్కువ నిలిచినందుకే. మిగతా 13 శాతాన్ని చూసి ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇదే టూరీ కింగ్ తర్వాత లెస్టర్ కార్ పార్కు కింద 2012లో దొరికిన రాజు మూడో రిచర్డ్ ఎముకల డీఎన్ఏ పరీక్ష నడిపించారు. తల్లి వైపు డీఎన్ఏ బతికున్న బంధువులతో కలిసింది. తండ్రి వైపు వై క్రోమోజోమ్ కలవలేదు. ఎక్కడో ఒక తరంలో తెగింది. పేజీలకు పేజీలు వంశచరిత్ర రాయించుకున్న రాజవంశంలోనే అలా ఉంటే మామూలు కుటుంబాల సంగతి చెప్పేదేముంది.

శ్రీధర్_గణితం

"ఒకే మనిషి" అన్న దగ్గర చిన్న సవరణ. ఇప్పుడున్న వాళ్లలో ఎక్కువమంది ఒక్కడి నుంచి వచ్చారంటే, ఆ పేరు మొదట పెట్టుకున్నది ఒక్కడే అని కాదు. నలుగురు వేరువేరు మనుషులు ఆ ఊరి నుంచి వేరువేరు చోట్లకు వెళ్లి అదే పేరు పెట్టుకుని ఉండొచ్చు. ముగ్గురి వంశాలు ఆగిపోయి నాలుగోవాడిది మిగిలినా, ఈ రోజు డీఎన్ఏలో కనిపించేది ఇదే ఫలితం.

వంశాలు అంత తేలిగ్గా ఆగిపోతాయా అంటే, అవును. ఈ ప్రశ్నను ఫ్రాన్సిస్ గాల్టన్ 1873లో పత్రికలో అడిగారు. హెన్రీ వాట్సన్ అనే పాదిరీతో కలిసి మరుసటి ఏడాది దాని మీద వ్యాసం వేశారు. వంద మంది మగవాళ్లు, ఒక్కొక్కరికి ఒక్కో వేరే ఇంటిపేరు ఉందనుకోండి. సగటున ఒక్కొక్కరికి ఒక్క కొడుకు. సగటు ఒకటే అయినా కొందరికి ముగ్గురు, కొందరికి అసలు ఉండరు. సంఖ్యాశాస్త్రంలో మామూలుగా వాడే పాయిసాన్ లెక్క వేస్తే, మొదటి తరంలోనే సుమారు 37 పేర్లు పోతాయి. రెండో తరానికి 53, మూడో తరానికి 63. జనాభా మాత్రం వంద దగ్గరే ఉంటుంది! యుద్ధం, కరువు ఏదీ లేకుండానే జరిగేది ఇది. ఇంగ్లండ్‌లో 1348లో మొదలైన ప్లేగు ఎన్నో ఊళ్లలో సగం జనాన్ని తీసుకుపోయింది. సరిగ్గా అప్పుడే మామూలు జనంలో ఇంటిపేర్లు స్థిరపడుతున్నాయి. ఎన్ని పేర్లు కాగితం మీదికి రాకుండానే పోయాయో.

వాణి గారూ, మీ పక్కింట్లో జరిగింది కూడా ఈ లెక్కే. ఆవిడ అన్నకు ఇద్దరు ఆడపిల్లలు. వంశం నిక్షేపంగా ఉంది, పేరు ఒక్కటే ఆగింది.

రమాదేవి_ఏలూరు

ఆ చివరి వాక్యం ఆవిడకు తప్పకుండా చెప్పండి.

కొత్తపేట_కృష్ణ

శ్రీధర్ గారి మాట పట్టుకుని నేను ఇంకొకటి అంటాను. డీఎన్ఏ చెప్పేది మూలపురుషుడు ఒక్కడు అని, అంతవరకే. అతను అటెన్‌బరో ఊరివాడని డీఎన్ఏ చెప్పదు. అది చెప్పేది మాస్టారి పటం, పాత రాతలు. మూడూ కలిపి చూస్తే మాత్రం నా "కోట దగ్గర" వాదన నిలవదు. వెనక్కి తీసుకుంటున్నాను.

అయితే ఇప్పుడు ఎంతమంది ఉన్నారన్న రెండో ప్రశ్న అలాగే ఉంది. నెట్‌లో "ఇరవై మంది కూడా మిగలని ఇంగ్లిష్ ఇంటిపేర్లు" అని జాబితాలు తిరుగుతుంటాయి. అందులో ఇది లేదు మరి?

మూర్తి_మాస్టారు

ఆ జాబితాలను నేను నమ్మను. ఒకే పేరును నాలుగు స్పెల్లింగులుగా విడదీసి, ఒక్కో స్పెల్లింగును వేరే పేరుగా లెక్కపెట్టి "అంతరించిపోతోంది" అంటారు. అటెన్‌బరోనే తీసుకో. అటెన్‌బరో, అటెన్‌బర్రో, అటెన్‌బరా అని పలికేలా మూడు నాలుగు రకాలుగా రాశారు. చర్చి గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసుకున్న కాలం అది. విడివిడిగా లెక్కపెడితే కొన్ని స్పెల్లింగులు పట్టుమని పదిమందికి కూడా ఉండవు. కలిపి చూస్తేనే నిజమైన లెక్క.

లెక్కకు నమ్మదగిన ఆధారం 2016లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వేసిన బ్రిటన్, ఐర్లండ్ ఇంటిపేర్ల నిఘంటువు. బ్రిస్టల్‌లోని వెస్ట్ ఆఫ్ ఇంగ్లండ్ విశ్వవిద్యాలయంలో పాట్రిక్ హాంక్స్, రిచర్డ్ కోట్స్ బృందం ఏళ్ల తరబడి పనిచేసి తెచ్చింది. నాలుగు సంపుటాలు, 45 వేలకు పైగా ఇంటిపేర్లు. పేరు అర్థం, పాత రూపాలతో పాటు 1881లో ఎంతమంది, ఇటీవలి కాలంలో ఎంతమంది, ఎక్కువగా ఏ జిల్లాలో అన్నది పక్కపక్కనే ఇస్తారు. నాటింగ్‌హామ్‌లో పెద్ద లైబ్రరీకి వెళ్తే దొరకొచ్చు. వాణి గారు ఆ పేజీ చూసి ఆవిడకు అంకె చెప్తే బాగుంటుంది. నా నోటి లెక్క కన్నా అదే మేలు.

ఎంత అరుదు అన్నదానికి ఒక్క పోలిక మాత్రం చెప్తాను. బ్రిటన్‌లో స్మిత్‌లు అయిదు లక్షలకు పైనే. ప్రతి వంద మంది స్మిత్‌లకు ఒక్క అటెన్‌బరో కూడా లేరు. అలాగని రేపో మాపో పోయే పేరూ కాదు. ఇంకా చాలా ఇళ్ల తలుపుల మీద ఉంది.

ఫణి_హైదరాబాద్

ఇంత అరుదైన పేరు అయినా మనందరికీ తెలుసు. అన్నదమ్ములిద్దరి వల్లే కదా?

మూర్తి_మాస్టారు

ఇప్పుడు వాళ్ల వల్ల. విక్టోరియా రాణి కాలంలో లండన్‌వాళ్లకు అటెన్‌బరో అంటే తాకట్టు దుకాణం గుర్తొచ్చేది. ఆ వ్యాపారంలో ఈ పేరువాళ్లు అంత పేరుమోశారు.

అన్నదమ్ముల కంటే నాకు ఎక్కువ ఇష్టమైనది వాళ్ల నాన్న కథ. ఫ్రెడరిక్ అటెన్‌బరో 1887లో స్టేపుల్‌ఫర్డ్‌లో పుట్టారు. అటెన్‌బరో ఊరికి అది కొద్ది మైళ్లే. పేరు ఎంత దగ్గర్లో ఆగిపోయిందో చూడండి. కేంబ్రిడ్జికి వెళ్లి పాత ఇంగ్లిష్ పండితుడయ్యారు. తర్వాత లెస్టర్ యూనివర్సిటీ కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. సుజాత చెప్పిన పరిశోధన జరిగింది ఆ కాలేజీయే పెరిగి విశ్వవిద్యాలయమైన చోట.

1922లో ఆయన తొలినాటి ఇంగ్లిష్ రాజుల చట్టాలను పాత భాష నుంచి అనువదించి ప్రచురించారు. అందులో ఆల్ఫ్రెడ్ రాజు చట్టాల్లో 'బుర్గ్‌బ్రిచే' అనే నేరం ఉంది. బుర్హ్‌ను, అంటే ఒకరి కోటగోడను, ఛేదించి లోపలికి చొరబడటం. రాజు కోటలోకి చొరబడితే 120 షిల్లింగుల జరిమానా. ఆర్చిబిషప్ కోటకు 90. మామూలు రైతుకు కోట ఎక్కడిది, కంచె ఉంటుంది, ఆ కంచె విరగ్గొడితే 5 షిల్లింగులు. అంటే ఆ రోజుల్లో బుర్హ్ అంటే పెద్ద కోటే కానక్కర్లేదు. గోడ కట్టుకున్న ఒక పెద్దమనిషి ఇల్లు కూడా బుర్హే. ఆడ్డా అనేవాడు అలాంటివాడై ఉంటాడు.

ఫ్రెడరిక్ గారు ఆ మాటను అనువదిస్తూ తన సంతకంలో ఉన్నదీ అదే మాట అని గమనించే ఉంటారని నా నమ్మకం. పాత ఇంగ్లిష్ చదివినవాడికి అది కనబడకుండా ఉండదు.

సుజాత_లెస్టర్

మాస్టారూ, ఇది నాకు తెలియదు. అదే ప్రాంగణంలో రెండేళ్లు తిరిగాను. చాలా సంతోషంగా ఉంది.

లక్ష్మి_డాలస్

మధ్యలో వస్తున్నాను, మన్నించండి. ఇది చదువుతుంటే మా ఇంటి సంగతి గుర్తొచ్చి బాధేసింది. మావారి పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు వచ్చేలా రాయించాం. ఇక్కడ ఒక ఆఫీసులో చివర ఉన్న ఆయన సొంత పేరునే ఇంటిపేరుగా ఎక్కించారు. మార్చుకునే ఓపిక లేక వదిలేశాం. ఇప్పుడు మా అబ్బాయికి వాళ్ల నాన్న పేరే ఇంటిపేరు. అసలు ఇంటిపేరు మా తాతల ఊరి పేరు. అటెన్‌బరో ఎనిమిది వందల ఏళ్లు నిలిచింది, మాది ఒక్క ఫారంతో పోయింది.

రమాదేవి_ఏలూరు

లక్ష్మీ, కాగితం మీద పోయింది, అంతే. అబ్బాయికి ఆ ఊరి పేరు చెప్పు. వీలైతే ఒకసారి తీసుకొచ్చి చూపించు.

శ్రీధర్_గణితం

వాణి గారూ, ఆవిడ శాఖను వెనక్కి పట్టుకోవాలంటే ఇంగ్లండ్, వేల్స్‌లలో 1837 నుంచి జనన మరణ వివాహాల రిజిస్ట్రేషన్ ఉంది. ఫ్రీ బీఎమ్‌డీ అనే సైట్‌లో వాలంటీర్లు ఎక్కించిన సూచికలు ఉచితంగా వెతకొచ్చు. అంతకు ముందుది కావాలంటే చర్చి రిజిస్టర్లు, అవి 1538లో మొదలు. స్పెల్లింగులు అన్నీ మార్చి మార్చి వెతకండి.

వాణి_బీస్టన్

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. నిన్న సాయంత్రం ఈ థ్రెడ్ మొత్తం ఆవిడకు ఇంగ్లిష్‌లో చెప్పాను. గంటన్నర పట్టింది. 87 శాతం దగ్గర మళ్లీ చెప్పమన్నారు. రైతు కంచెకు 5 షిల్లింగులు అన్నప్పుడు నవ్వారు, "మా వాళ్లు కంచె వైపే ఉండి ఉంటారు" అన్నారు. ఆడపిల్లలతో వంశం నిక్షేపంగా ఉంది, పేరు ఒక్కటే ఆగింది అన్న మాట చెప్తే ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి లేచి వెళ్లి మేనకోడళ్ల ఫొటో తెచ్చి చూపించారు.

ఇన్నేళ్లుగా ఇక్కడే ఉన్నా ఆవిడ ఆ ఊళ్లో చర్చి లోపలికి ఎప్పుడూ వెళ్లలేదట. 1966లో డేవిడ్ అటెన్‌బరో ప్రారంభించిన పక్షుల చెరువులకు మాత్రం చాలాసార్లు వెళ్లారట. ఆదివారం ఇద్దరం రైలెక్కి సెయింట్ మేరీస్ చర్చికి వెళ్తున్నాం.

మూర్తి_మాస్టారు

సమాధుల రాళ్ల మీద పేరు ఏ స్పెల్లింగులో ఉందో చూసి రాయండమ్మా. పాత రాయి దొరికితే, ఆవిడకు అభ్యంతరం లేకపోతే, ఒక ఫొటో పెట్టండి.